స్ప్లెండర్‌కి బోరు చేయించాలా, బుల్లెట్‌కి అడ్వాన్సు కట్టాలా?

ప్రశ్న: 2011 మొదట్లో నాన్న కొన్న హీరో హోండా స్ప్లెండర్ ప్లస్ నేను నడుపుతున్నాను. 1,30,000 కిలోమీటర్లు తిరిగింది. తెనాలి నుంచి గుంటూరుకి రోజూ రానూపోనూ 55 కిలోమీటర్లు దీని మీదే ఉద్యోగానికి వెళ్తాను. ఆర్నెల్ల నుంచి సైలెన్సర్‌లో పొగ వస్తోంది, ఆయిల్ తాగుతోంది, మైలేజీ 60 నుంచి 42కి పడింది. చైను కరకరమంటోంది. హ్యాండిల్ తిప్పుతుంటే సరిగ్గా మధ్యలో ఏదో పట్టినట్టు ఆగుతోంది. ఒక మెకానిక్ ఫుల్ ఇంజిన్ చేయాలి, 14,000 అవుతుందన్నాడు. ఇంకొకాయన రింగులు మారిస్తే చాలు, 1,800తో పోతుందన్నాడు. ఇంకో రెండు నెలల్లో ఆర్సీకి పదిహేనేళ్లు నిండుతాయి. నిజం చెప్పాలంటే నా మనసంతా క్లాసిక్ 350 బుల్లెట్ మీదుంది. రాత్రిళ్లు దాని వీడియోలు చూస్తూ ఈఎంఐ లెక్కలు వేసుకుంటుంటాను. ఎలాగూ కొత్తది కొనేదే కదా అని పాతదాన్ని పట్టించుకోవడం మానేశాను. ఇప్పుడు దీనికి డబ్బు పెట్టడం దండగేనా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ ఉత్తరంలో పొగ కంటే మాకు ఎక్కువ భయం వేసిన ముక్క "ఎలాగూ కొత్తది కొనేదే కదా". ఆ మాట మనసులో పడ్డ రోజు నుంచి ఆయిల్ మార్పు వాయిదా పడుతుంది, అరిగిన బ్రేక్ షూలు "ఇంకో నెల చూద్దాం" మీద నడుస్తాయి. కొత్త బండి ఆర్నెల్లకు వస్తుందో ఏడాదికి వస్తుందో గానీ, అప్పటిదాకా మిమ్మల్ని మోసేది ఈ బండే. నెలకు పాతిక రోజులు వేసుకున్నా ఏడాదికి 16,500 కిలోమీటర్లు. అది కూడా లారీలు, బస్సులు తిరిగే రోడ్డు మీద.

కాబట్టి ఇంకో రెండేళ్లు నడపాలన్న లెక్కతోనే స్ప్లెండర్‌ని బాగు చేయించండి. అలాగని ఎవరి మాట మీదో ఇంజిన్ విప్పించకండి. 14,000 అన్నాయనా, 1,800 అన్నాయనా ఇద్దరూ బండిని బయటి నుంచి చూసి చెప్పినవాళ్లే. మీరు చెప్పిన లక్షణాలను బట్టి అది హాఫ్ ఇంజిన్ పని, అంటే కింది క్రాంక్ జోలికి పోకుండా పైన హెడ్, బ్లాకు వరకే విప్పి చేసేది. ఆరు వేల చుట్టుపక్కల తేలొచ్చు. అయితే ముందు పరీక్షలు చేయాలి. వాటిలో సగం మీ ఇంటి దగ్గరే చేసుకోవచ్చు.

పొగ రంగు మీరు రాయలేదు. ఆయిల్ తాగుతోందన్నారు కాబట్టి నీలంగానే ఉండాలి. నల్లగా ఉంటే అది పెట్రోలు ఎక్కువ మండుతున్న పొగ: ఎయిర్ ఫిల్టరో, కార్బొరేటరో, చోక్ పూర్తిగా వెనక్కి రాకపోవడమో చూసుకుంటే సరిపోతుంది, ఇంజిన్ జోలికి పోనక్కర్లేదు. నీలం పొగ అయితే అది ఎప్పుడు వస్తోందో గమనించండి. రాత్రంతా ఆగిన బండిని పొద్దున్నే స్టార్ట్ చేసి వెనక ఒకరిని నిలబెట్టండి. మొదటి అర నిమిషం గుప్పున వచ్చి తగ్గిపోతే వాల్వ్ సీళ్లు గట్టిపడ్డాయని అర్థం. రాత్రి పూట హెడ్‌లోని ఆయిల్ వాల్వ్ కాడ వెంబడి కిందికి జారి, పొద్దున్న మండుతుంది. బండి వేడెక్కాక కూడా యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా పొగ తోకలా వస్తుంటే పిస్టన్ రింగులూ, బోరూ (పిస్టన్ తిరిగే సిలిండర్ లోపలి గోడ) అరిగాయి. లక్షా ముప్పై వేల కిలోమీటర్ల బండిలో రెండూ కలిసి ఉండడం మామూలే.

తర్వాత ఆయిల్ లెక్క. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టండి. డిప్‌స్టిక్ తుడిచి, మర బిగించకుండా ఊరికే ఆనించి తీసి చూడండి. చాలామంది బిగించి చూసి, లెవెల్ ఉందనుకుని మోసపోతారు. పై గీత దాకా ఆయిల్ పోసి 500 కిలోమీటర్లు తిరగండి, అంటే మీకు తొమ్మిది పది రోజులు. మళ్లీ పై గీతకు రావడానికి ఎంత పోయాల్సి వచ్చిందో కొలవండి. యాభై మిల్లీలీటర్లలోపు అయితే తొందరేమీ లేదు. రెండు వందలు దాటితే పని ఇక ఆపకండి. ఈ ఇంజిన్‌లో పట్టేదే లీటరు లోపు ఆయిల్. అందులో సగం ఖర్చయ్యేదాకా చూసుకోకపోతే క్యామ్ షాఫ్ట్, రాకర్లు ఎండిపోయి నడుస్తాయి. అప్పుడు మొదటి మెకానిక్ చెప్పిన 14,000 నిజమైపోతుంది.

మూడోది ఐదు నిమిషాల పని. వేడి బండి ఆపి, స్పార్క్ ప్లగ్ విప్పి మొన చూడండి. ఇటుక రంగులో పొడిగా ఉంటే మంచిది, మసి పొడిలా ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది, నల్లగా తడిగా జిడ్డుగా ఉంటే ఆయిల్ పైకొస్తోంది. ప్లగ్ తిరిగి బిగించి, బండి చల్లారాక, ఇగ్నిషన్ ఆఫ్‌లో ఉంచి కిక్ రాడ్‌ని చేత్తో నెమ్మదిగా నొక్కండి. ఎంత బరువుగా దిగుతోందో గుర్తుంచుకోండి. ఇప్పుడు ప్లగ్ మళ్లీ తీసి, సూది లేని సిరంజితో ఒక టీస్పూను ఇంజిన్ ఆయిల్ ఆ రంధ్రంలోంచి లోపలికి వదలండి. స్ప్లెండర్ సిలిండర్ దాదాపు పడుకునే ఉంటుంది కాబట్టి ఆయిల్ ఒక పక్కకే చేరుతుంది, అది గోడలంతా పాకేలా నాలుగైదు సార్లు కిక్ కొట్టి, ప్లగ్ బిగించి మళ్లీ చేత్తో నొక్కి చూడండి. కిక్ ముందుకంటే బాగా బరువెక్కితే రింగుల పక్కనుంచి గాలి పోతున్నట్టే, పోసిన ఆయిల్ ఆ సందును కాసేపు మూసింది. తేడా లేకపోతే అనుమానం వాల్వుల మీద పెట్టాలి. మెకానిక్ దగ్గర కంప్రెషన్ గేజ్ ఉంటే ఇదే పరీక్ష అంకెలతో తెలుస్తుంది. ఉందా అని అడగండి. ఆ ప్రశ్న అడిగితే మెకానిక్ సంగతి కూడా కొంత తెలిసిపోతుంది.

ఇక 1,800 రింగుల సంగతి. రింగులు మాత్రమే మార్చడం మేం ఒప్పుకోం. పదిహేనేళ్లు పిస్టన్ పైకీ కిందికీ తిరిగిన బోరు గుండ్రంగా ఉండదు. పైభాగంలో ఎక్కువ అరిగి, కొంచెం గుడ్డు ఆకారంలోకి, కొంచెం గరాటు ఆకారంలోకి మారుతుంది. పాత రింగులు ఆ వంకరకు అలవాటుపడి అరిగాయి. కొత్త రింగు పూర్తి గుండ్రం, గోడకు మూడు చోట్ల ఆని నాలుగో చోట సందు వదిలేస్తుంది. పైగా గోడ అద్దంలా నునుపెక్కిపోయి ఉంటుంది, దాని మీద రింగు కూర్చోదు. రెండు మూడు నెలలు బాగుందనిపించి మళ్లీ పొగ మొదలవుతుంది. గ్యాస్కెట్లూ కూలీ రెండోసారి మీవే.

సరైన పద్ధతి బోరు చేయించి ఓవర్‌సైజు పిస్టన్ వేయడం. ఈ 97.2 సీసీ ఇంజిన్ బోరు 50 మిల్లీమీటర్లు. ఓవర్‌సైజు పిస్టన్లు 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటర్ల మెట్లలో దొరుకుతాయి. లేత్ షాపులో బోరు గేజ్‌తో పైన, మధ్య, కింద కొలిచి ఏ మెట్టుకు శుభ్రమైన గోడ వస్తుందో చెబుతారు. మొదటిసారి అయితే 0.25 సరిపోతే అక్కడే ఆగండి, మిగతా మెట్లు ముందు ముందుకు దాచుకోవచ్చు. ఒక్క విషయం పట్టుబట్టండి: పిస్టన్ ముందు కొని లేత్ మనిషి చేతిలో పెట్టాలి, ఆ పిస్టన్‌ని కొలిచి దానికి తగ్గట్టు బోరు చేయాలి. "మీరు బోరు చేసేయండి, పిస్టన్ తర్వాత తెస్తాం" అంటే సందు ఎక్కువైతే టపటప, తక్కువైతే వేడికి పట్టేసి సీజ్. అసలు బ్లాకు, పిస్టన్ కలిపి కిట్టుగా కొత్తవే వేసేయమని కొందరు అంటారు. కంపెనీ కిట్ అయితే మంచిదే, ఖర్చెక్కువ. పేరూ ఊరూ లేని బ్లాకు కిట్ అయితే మీ పాత బ్లాకుకు బోరు చేయించుకోవడమే నయం, దాని ఇనుము ఎలాంటిదో పదిహేనేళ్లుగా తెలిసిందే.

హెడ్, బ్లాకు విప్పిన రోజు మీరు షెడ్డులో ఉండాలి. ఆఫీసుకు సెలవు పెట్టయినా ఉండండి, ఎందుకంటే 6,000కీ 14,000కీ మధ్య తేడా తేలేది ఆ అరగంటలోనే. బ్లాకు, పిస్టన్ తీసేశాక కనెక్టింగ్ రాడ్ ఒంటరిగా బయటికి పొడుచుకుని కనిపిస్తుంది. దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ పక్కలకు ఊపితే కాస్త కదులుతుంది, అది ఉండాల్సిందే. ఇప్పుడు క్రాంక్‌ని కదలకుండా ఆపి, రాడ్‌ని దాని పొడవు వెంబడి లాగి నెట్టండి. టిక్ అని చిన్న చప్పుడు, వేలికి చిన్న తగులు తెలిస్తే కింది బేరింగ్ పోయింది. అప్పుడు క్రాంక్ బయటికి రావాలి, ఫుల్ ఇంజిన్ తప్పదు. ఆ కదలిక ఏమాత్రం లేకపోతే, గేర్లు వాటంతటవి న్యూట్రల్‌కి జారడం లేకపోతే, క్రాంక్ బేరింగ్ నుంచి ఊళ పెట్టినట్టు శబ్దం లేకపోతే, ఫుల్ ఇంజిన్ చేయించుకోవడానికి కారణమే లేదు. "ఎలాగూ విప్పాం కదా" అన్న మాటకి లొంగకండి. ("ఎలాగూ" అన్న మాట షెడ్డులో ఇటు మీతోనూ అటు మెకానిక్‌తోనూ డబ్బు ఖర్చు పెట్టిస్తుంది.)

హెడ్ బల్ల మీద ఉన్నప్పుడు ఇంకో పరీక్ష. ప్లగ్ బిగించే ఉంచి, ఇన్‌లెట్ దారిలో కాస్త పెట్రోలు పోసి రెండు నిమిషాలు ఆగండి. వాల్వ్ అంచున తడి కనిపిస్తే ఆ వాల్వ్ సరిగ్గా మూసుకోవడం లేదు. ఎగ్జాస్ట్ వైపూ అలాగే చూడండి. షెడ్డులో వాల్వ్ గ్రైండింగ్ అనే పని, అంటే పేస్టు రాసి వాల్వ్‌ని సీటు మీద రుద్దడం, ఒక అరగంట పడుతుంది. ఆ తర్వాత వాల్వ్ సీళ్లు రెండూ కొత్తవి. వాటి ఖరీదు టీ టిఫిన్ అంత, కానీ వాటిని మార్చకుండా హెడ్ ఎక్కిస్తే పొద్దుటి పొగ అలాగే మిగులుతుంది. టైమింగ్ చైన్, దాని రబ్బరు రోలర్లు, టెన్షనర్ ఈసారే మార్చేయండి.

చాలా షెడ్లలో ఎగ్గొట్టే పని ఒకటుంది. స్ప్లెండర్‌కి మార్చేసే ఆయిల్ ఫిల్టర్ ఉండదు. ఒక జల్లెడ, తిరుగుతూ మడ్డిని అంచుకు విసిరి పట్టే రోటర్ ఉంటాయి. వాటిని చూడాలంటే క్లచ్ వైపు కవరు తీయాలి, కొత్త గ్యాస్కెట్ వేయాలి, అందుకే ఎవరూ ముట్టుకోరు. పదిహేనేళ్ల బండి రోటర్‌లో నల్లటి మైనంలా మడ్డి పేరుకుని ఉంటుంది. బోరు చేయించి దీన్ని వదిలేస్తే, కొత్త పిస్టన్‌కి పాత ఇనుప పొడి కలిసిన ఆయిల్ పట్టిస్తున్నట్టే. కవరు తీసినప్పుడే క్లచ్ ప్లేట్లు కూడా చూడండి, రంగు మారి కాలినట్టు ఉంటేనే మార్చండి.

బిగించేటప్పుడు జరిగే తప్పులు కొన్నే, కానీ ఒక్కొక్కటీ ఖరీదైనవి. బోరు చేసి తెచ్చిన బ్లాకుని పెట్రోలుతో తుడిచేసి ఎక్కించకూడదు. సబ్బు నీళ్లూ బ్రష్‌తో రుద్ది కడిగి, ఆరబెట్టి, తెల్ల గుడ్డతో తుడిస్తే గుడ్డకు బూడిద రంగు అంటకూడదు, ఆ తర్వాత వెంటనే ఆయిల్ రాయాలి. బోరులో మిగిలిన గీకుడు పొడి వెయ్యి కిలోమీటర్లలో కొత్త రింగుల్ని తినేస్తుంది. రింగుని పిస్టన్‌కి ఎక్కించే ముందు ఒక్కదాన్నే బోరులో పెట్టి, పిస్టన్ తలతో సమంగా లోపలికి నెట్టి, దాని రెండు చివరల మధ్య ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్నని రేకులు) చూడాలి. 0.15 నుంచి 0.3 మిల్లీమీటర్ల ప్రాంతంలో సందు ఉండాలి. రింగు మీది అక్షరం పైకి, మూడు రింగుల సందులు మూడు దిక్కులకు, పిస్టన్ మీది "ఇన్" గుర్తు ఇన్‌లెట్ వైపుకి. పిస్టన్ పిన్నుకు లాక్ వేసే ముందు క్రాంక్‌కేస్ నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కారో లేదో చూడండి. ఆ లాక్ స్ప్రింగులా ఎగిరే చిన్న తీగ ముక్క. చేజారి లోపల పడిందంటే ఆ ముక్క కోసం ఫుల్ ఇంజిన్ విప్పాలి. పాత లాకులు మళ్లీ వాడనివ్వకండి. హెడ్ నట్లు ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించాలి. ట్యాపెట్లు, అంటే వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే సెట్ చేయాలి. అక్కడ ఉండాల్సిన సందు వెంట్రుక మందమంతే, చెవితో విని పెట్టేది కాదు, ఫీలర్ గేజ్‌తోనే.

సామాను మీరే తెచ్చివ్వడం మంచిది. పార్ట్ నంబరు, ఎమ్మార్పీ అచ్చయిన సీలు ప్యాకెట్లు అడగండి, బిల్లు తీసుకోండి, తీసిన పాత సామాను కవర్లో వేసి ఇవ్వమని పని మొదలెట్టక ముందే "అన్నా, పాతవి నాకు కావాలి" అని చెప్పేయండి. బోరు కూలీ, పిస్టన్ సెట్, గ్యాస్కెట్ సెట్, వాల్వ్ సీళ్లు, టైమింగ్ చైన్ కిట్, ఆయిల్, మెకానిక్ కూలీ అన్నీ కలిపి మీ వైపు 5,500 నుంచి 7,000 మధ్య వస్తే న్యాయమైన ధర. ఆయిల్ 10డబ్ల్యూ30, డబ్బా మీద జాసో ఎంఏ (బైకుల ఆయిల్ గుర్తు) అని ఉన్నది. కారు ఆయిల్ చవగ్గా ఉందని పోస్తే క్లచ్ జారుతుంది, ఎందుకంటే ఈ బండిలో క్లచ్ కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది.

బండి ఇంటికొచ్చాక మొదటి 500 కిలోమీటర్లు 50 దాటించకండి. ఒకే వేగంతో సాగదీయకుండా 35కీ 50కీ మధ్య మారుస్తూ నడపండి. టాప్ గేర్‌లో 25తో ఈడ్చడం వేగం కంటే చెడ్డది. వెనక మనిషిని, బస్తాలను ఎక్కించుకోకండి. 500 దగ్గర ఆయిల్ పూర్తిగా మార్చి, ట్యాపెట్లు మళ్లీ చూపించండి. మొదటి వంద రెండు వందల కిలోమీటర్లలో కాస్త పొగ కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. 500 దాటినా వస్తుంటే తిరిగి వెళ్లండి.

ఇంజిన్ గురించి ఇంత రాశాం గానీ, మీ ప్రాణానికి సంబంధించింది హ్యాండిల్. మధ్యలో పట్టినట్టు ఆగడం అంటే స్టీరింగ్ కోన్ సెట్‌లో, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగ్‌లో, బాల్స్ నొక్కుకుని గుంటలు పడ్డాయి. సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రం గాల్లో ఉంచి, హ్యాండిల్‌ని ఒక వేలితో మెల్లగా తిప్పండి. సరిగ్గా మధ్యకి రాగానే గూట్లో పడ్డట్టు కూర్చుంటే అదే రోగం. గ్రీజు పెట్టినా, బిగించినా, వదులు చేసినా పోదు. పైనా కిందా గిన్నెలు, బాల్స్ మొత్తం సెట్ మారాలి. ఈ స్థితిలో బండి గుంటల రోడ్డు మీద తనంతట తాను ఒక పక్కకు లాగుతుంది. ఇంజిన్ పనికి డబ్బు చేతికి రావడం ఆలస్యమైనా సరే, ఇది ఈ వారమే చేయించండి. ఐదారు వందల సామాను, ఒక పూట పని.

చైను సంగతి తేలిక. చైన్ కవరు తీసి, వెనక స్ప్రాకెట్ చివరన చైనుని వెనక్కి లాగండి. పన్ను సగం బయటికి కనిపిస్తే సాగిపోయింది. చైను, రెండు స్ప్రాకెట్లు ఒకే కిట్టుగా మార్చాలి. అరిగిన పళ్ల మీద కొత్త చైను వేస్తే అదీ తొందరగా సాగుతుంది. అప్పుడే డ్రమ్ములోని రబ్బర్లు, స్వింగ్ ఆర్మ్ బుష్ చూడమనండి. బ్రేక్ ఆర్మ్ దగ్గర బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు పూర్తిగా నొక్కినప్పుడు అది డ్రమ్ము మీది గుర్తుకు చేరితే షూలు అయిపోయినట్టు. టైరు పక్కన గుండ్రటి గడిలో నాలుగంకెలు చూడండి. 2318 అంటే 2018లో 23వ వారం తయారైంది. గాడులు ఎంత లోతున్నా ఆ వయసు రబ్బరు తడి రోడ్డు మీద పట్టు ఇవ్వదు. గాలి ముందు 25, వెనక ఒక్కరే వెళ్తే 28.

పెట్రోలు గురించి ఒక మాట. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసినది. మీ బండి తయారైన రోజుల్లో రబ్బరు సామాను దీన్ని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. పెట్రోలు పైపు, కాక్ వాషర్లు, కార్బొరేటర్ గిన్నె గ్యాస్కెట్ మార్చేయండి, వందల్లో పోయే పని. బండి వారం పైన ఆపాల్సొస్తే కాక్ మూసి, కార్బొరేటర్‌లో మిగిలింది అయిపోయేదాకా నడిపి ఆపండి. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది, ఖాళీ ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. "మైలేజీ సెట్టింగ్ చేస్తా" అని ఎవరైనా స్క్రూ తిప్పబోతే వద్దనండి. ఇథనాల్‌తో మిశ్రమం ముందే పలచబడి ఉంటుంది, ఇంకా పలచన చేస్తే హెడ్ వేడెక్కి మీరు గ్రైండింగ్ చేయించిన ఎగ్జాస్ట్ వాల్వే కాలుతుంది. మీ 60 మైలేజీ బోరు, చైను, టైర్ల గాలితో చాలావరకు తిరిగి వస్తుంది.

ఆర్సీ విషయం. పదిహేనేళ్లు నిండితే బండి తుక్కుకి పోవాలన్న మాట మీరూ వినే ఉంటారు. పదిహేనేళ్ల పెట్రోలు బళ్ల మీద ఆంక్ష ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానికి సంబంధించింది. మన దగ్గర ఫారం 25తో ఐదేళ్లకు రెన్యువల్ చేయించుకోవచ్చు. గడువుకి అరవై రోజుల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు కాబట్టి మీకు ఇదే సమయం. టూవీలర్‌కి రెన్యువల్ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 1,000 రూపాయలు, గడువు దాటితే నెలకు 300 చొప్పున పెరుగుతుంది. గ్రీన్ ట్యాక్స్ అదనం. ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ చేతిలో ఉండాలి, బండిని చూపించాలి. ఇంత పొగతో పొల్యూషన్ పరీక్షకు వెళ్లడం వృథా, అందుకే ముందు కోన్ సెట్, తర్వాత ఇంజిన్, 500 కిలోమీటర్లు తిరిగి ఆయిల్ మార్చాక పొల్యూషన్, ఆ వెంటనే ఆర్సీ. రెండు నెలలు దీనికి సరిగ్గా సరిపోతాయి, ఇంకో వారం వీడియోలు చూస్తూ కూర్చోకపోతే. మధ్యలో ఎవరైనా "సెకండ్ హ్యాండ్ ఇంజిన్ ఉంది, ఎక్కించేద్దాం" అంటే వెనక్కి తిరిగి వచ్చేయండి. ఇంజిన్ నంబరు ఆర్సీలో ఉన్నదానితో కలవకపోతే రెన్యువల్ రోజున మీరే దోషి.

బాగు చేయించకూడని సందర్భాలూ ఉన్నాయి. రాడ్ పరీక్షలో బేరింగ్ పోయిందని తేలి, గేర్లు కూడా జారుతుంటే. స్వింగ్ ఆర్మ్ దగ్గరో, హ్యాండిల్ మెడ దగ్గరో ఫ్రేమ్ వెల్డింగ్ పగిలి ఉంటే. ఆ బండి మీద 14,000 పెట్టకండి. ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మేయండి. అలాగే, అమ్మాలనే ఉద్దేశంతో ఇంజిన్ పని చేయించకండి. ఇంత వయసు స్ప్లెండర్‌కి కొనేవాడు ఇచ్చే ధరలో మీ బోరు ఖర్చు పెద్దగా కలవదు. బోరు మీరు నడపడానికి చేయించుకునేది.

ఇప్పుడు బుల్లెట్. క్లాసిక్ 350ని మీరూ అందరిలాగే బుల్లెట్ అన్నారు, తప్పేం లేదు. కలని వదులుకోమని మేం చెప్పం, దాని లెక్క మాత్రం పూర్తిగా వేయండి. మీరు వేసుకునే ఈఎంఐలో పెట్రోలు లేదు. నెలకు 1,375 కిలోమీటర్లకు లీటరు 109 చొప్పున, 60 ఇచ్చే స్ప్లెండర్‌కి సుమారు 2,500 అవుతుంది. అదే దూరానికి 35 ఇచ్చే బండికి 4,280. తేడా నెలకు 1,780. లక్షా ఎనభై వేలు అప్పు తీసుకుంటే, 11 శాతం వడ్డీకి, మూడేళ్లకు ఈఎంఐ 5,900 దగ్గర పడుతుంది. మొత్తం 7,700. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కూడా మీ స్ప్లెండర్ తరగతికి ఏడాదికి 714 ఉంటే, 150 నుంచి 350 సీసీ వరకు 1,366, పైన జీఎస్టీ. కొత్త బండికి ఐదేళ్లది ఒకేసారి కట్టాలి, ఆ తరగతికి 7,365. ఒక్క మంచి వార్త: 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు బళ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది.

స్ప్లెండర్ బాగైన నెల నుంచి ఆ 7,700ని ఒకటో తారీఖునే వేరే ఖాతాలో వేయడం మొదలెట్టండి, బండి అప్పటికే ఇంట్లో ఉన్నట్టు. పన్నెండు నెలలు ఎక్కడా తడబడకుండా వేయగలిగితే 92,400 చేతిలో ఉంటాయి, అప్పు సగానికి దిగుతుంది, ఈఎంఐ మీ జీతానికి ఆనుతుందో లేదో కాగితం మీద కాకుండా ఒంటి మీద తెలుస్తుంది. నాలుగో నెలకే ఆ ఖాతాలోంచి తీయాల్సొస్తే ఆ బండి ఇప్పుడు మీది కాదు. ఈలోగా ఒకసారి టెస్ట్ రైడ్ అడగండి, ఆదివారం పొద్దున ఖాళీ రోడ్డు మీద కాదు, పనిరోజు సాయంత్రం గుంటూరు ట్రాఫిక్‌లో. మీ స్ప్లెండర్ సుమారు 110 కిలోలు, అది 195 కిలోలు. మీ ఇంటి ముందు ర్యాంపు మీద దాన్ని వెనక్కి నెట్టుకోవాల్సింది మీరే, కుదిరితే షోరూము ముందే నెట్టి చూడండి.

కొనే రోజు వచ్చినప్పుడు షోరూము ఎక్స్ఛేంజి ధర విని వెంటనే ఒప్పుకోకండి. పొగ లేని, ఐదేళ్ల ఆర్సీ ఉన్న స్ప్లెండర్‌ని పొలానికీ పాల క్యాన్లకూ వాడుకునేవాళ్లు మీ ఊళ్లోనే అడుగుతారు. ఎవరికిచ్చినా ఫారం 29, 30 మీద నాన్నగారి సంతకాలు పెట్టించి, ఆర్సీ వాళ్ల పేరు మీదికి మారినట్టు ఆన్‌లైన్‌లో కనిపించేదాకా బండి ఇచ్చిన తేదీ, కొన్నవాళ్ల ఆధార్ కాపీ మీ దగ్గర ఉంచుకోండి.